అల్ట్రాసోనిక్ పరీక్ష నేర్చుకుందాం – 6: పగులు పెట్టిన ముక్క

పోయిన భాగంలో లోహంలోకి ధ్వనిని 45 డిగ్రీల వాలుగా పంపే ప్రోబ్‌ను సరిచూసుకున్నాం. ఇక చెయ్యి ఎంత నమ్మదగ్గదో తేల్చుకోవాలి. అణు కేంద్రాల పైపు వెల్డింగులు చూసేవాళ్లకు ఆ పరీక్ష పెట్టేవి, కావాలని పగులు పెట్టి చేసిన ముక్కలే. దీని నిబంధనలు ఆస్మె (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ సెక్షన్ 11, అపెండిక్స్ 8లో ఉంటాయి.

పగులుకు బదులు స్పార్క్ మిషన్‌తో (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కోసేది) గాడి కోయించడం తేలిక. ఆటోనగర్‌లో ఆ మిషన్ ఉన్న టూల్‌రూమ్ దొరికితే చాలు. కానీ గాడి గోడలు నున్నగా, ఎడంగా ఉంటాయి కాబట్టి ప్రతిధ్వని కొట్టొచ్చినట్టు వస్తుంది. అసలు ఫెటీగ్ పగులు (పదేపదే ఒత్తిడి పడి వచ్చేది) బిగుసుకుని, వంకర్లు పోయి ఉంటుంది. గాడి మీదే చెయ్యి తిరిగినవాడు దాన్ని దాటిపోతాడు. అందుకే గాడి పరికరం సెట్టింగుకే. పరీక్షకు మాత్రం పదేపదే వేడిచేసి చల్లార్చి పుట్టించిన పగులు మేలు. పగులున్న బిళ్లను తెచ్చి వెల్డ్ చేసి అతికించే పద్ధతీ ఉంది. చిక్కేమిటంటే, ఆ అతుకే ఒక్కోసారి ప్రతిధ్వని ఇస్తుంది. అప్పుడు అభ్యర్థి పట్టుకునేది పగులును కాదు, మాసికను!

విశాఖ ఉప్పుగాలికి కార్బన్ స్టీల్ ముక్కలు ఇట్టే తుప్పు పడతాయి. అలాగని పగులు తెరుచుకుని ఉండే లోపలివైపు నూనె పూయకండి. నీళ్లయినా నూనె అయినా పగుల్లోకి దిగితే ధ్వని కొంత అవతలికి దాటిపోయి ప్రతిధ్వని తగ్గుతుంది. తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన పెట్టెలో మూత బిగించి ఉంచండి. పరీక్షప్పుడు లోపలివైపు కనబడకుండా కప్పెయ్యాలి.

వెల్డింగును భాగాలుగా విడదీసి మార్కులేస్తారు. ఆస్టెనిటిక్ (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీల్) పైపులకు పగులున్నవి 10 భాగాలు పెడితే, లేనివి 20 ఉండాలి. కనీసం 8 పట్టాలి. లేనిచోట ఉందనడం 3 సార్లకు మించకూడదు. రూట్ ఉబ్బును (వెల్డింగు అడుగున పైపు లోపలికి పొడుచుకొచ్చిన లోహాన్ని) పగులనుకోవడం ఇక్కడ మామూలు పొరపాటు.

పగులు లోతు కొలతలో ఆర్‌ఎంఎస్ తేడా (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) 3.2 మి.మీ. దాటకూడదు. అసలు లోతులు 4, 6, 9 మి.మీ. మీ కొలతలు 5, 4, 12 అనుకోండి. తేడాలు 1, 2, 3. వర్గాల మొత్తం 14, సగటు 4.67, వర్గమూలం 2.16. పాస్. ఇప్పుడు 4, 6, 3 అని కొలిచారనుకోండి. రెండు కచ్చితం, ఒక్కటే 6 తేడా. 36ను 3తో భాగిస్తే 12, వర్గమూలం 3.46. ఫెయిల్. (అసలు పరీక్షలో పగుళ్లు ఇంకా ఎక్కువ, ఇది లెక్క అలవాటుకే.)

అభ్యాసం: అసలు లోతులు 3, 5, 8, 10, కొలతలు 6, 5, 4, 13. లెక్క కట్టి చూడండి. వచ్చే భాగంలో పగులు కొన నుంచి వచ్చే సన్నని ప్రతిధ్వనితో లోతు కొలవడం.