బ్యాడ్జీకెంత, బండికెంత: పాత జర్మన్ కారు కొనేవాళ్లకి బరంపురం మెకానిక్ చెప్పేది

మా బరంపురంలో బెంజ్ అంటే ముందు లారీ. టాటా బెంజ్ ఛక్ అనే కూడలి ఊళ్లో ఇప్పటికీ ఉంది. 1954 నుంచి 1969 దాకా టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) వాళ్లు డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం మీద లారీలు చేశారు, వాటి ముక్కు మీద మూడు కొమ్మల చుక్క ఉండేది. మా నాన్న బతుకు సగం లారీల కింద వెల్లకిలా పడుకునే గడిచింది. నా గ్యారేజీకి మొదటి బెంజ్ సీ-క్లాస్ కారు వచ్చిన రోజు ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముందున్న చుక్కని బొటనవేలితో తుడిచి, "లోడెంత లాగుతాదిరా?" అన్నాడు. ఓనరు మొహం చూడాలి అప్పుడు.

ఇప్పుడు నెలకి ఇద్దరు ముగ్గురైనా వచ్చి ఫోన్లో ఫొటో చూపిస్తారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఐదారేళ్లు తిరిగిన బీఎండబ్ల్యూ, ఆడి, బెంజ్. కొత్త క్రెటా డబ్బుకి పాత బీఎండబ్ల్యూ త్రీ-సిరీస్ వస్తుంటే ఎవరికి ఆశ పుట్టదు? కొనొద్దని నేననను. నేనూ కొన్నాను, మోసపోయాను, బుద్ధి రాక మళ్లీ కొన్నాను.

బేరానికి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఒక లెక్క తేల్చుకోండి. ఆ కారుకి ఉన్న బ్యాడ్జీలన్నీ పీకేసి ఇస్తే అదే ధర పెడతారా? పెట్టను అనిపిస్తే మీరు డాబుకి కొంటున్నారు. సిగ్గుపడాల్సిన పనేం లేదు. మా వైపు పెళ్లిచూపులకి కారు కూడా ఒక చుట్టమే, గుమ్మం ముందు అది కూర్చునే తీరుని బట్టి కాఫీ కప్పులు మారతాయి. డాబు కావాలంటే మామూలు ఇంజన్ ఉన్న సెడాన్, తెలుపో నలుపో, సర్వీసు పుస్తకం బాగున్నది తీసుకుని హాయిగా ఉండండి. పెద్ద ఇంజన్ మీకు ఖర్చు దండగ. పెడతాను అనిపిస్తే మీకు కావాల్సింది నడిపే కారు, దాన్ని వేరే కళ్లతో వెతకాలి. ఒకే బండిలో రెండూ కావాలంటూ వచ్చినవాళ్లే నా దగ్గర ఎక్కువ ఏడుస్తారు.

అక్షరాలు చదవడం ఇక్కడే అవసరం పడుతుంది. బీఎండబ్ల్యూలో 'ఎమ్' అనేది 1972లో రేసుల కోసం పెట్టిన విభాగం. బెంజ్‌లో ఏఎంజీ 1967లో ఇద్దరు ఇంజనీర్లు పెట్టుకున్న షాపు. ఆ అక్షరాల్లో మొదటి రెండూ వాళ్ల ఇంటిపేర్లవి, మూడోది ఊరి పేరుది. ఇంతవరకూ అది పని పేరు. ఆ తర్వాత కంపెనీలు దానికి అమ్మకపు విలువ ఉందని కనిపెట్టి, ఎమ్ స్పోర్ట్, ఏఎంజీ లైన్, ఎస్-లైన్ అని మొదలుపెట్టాయి. ఇవి బంపర్లు, చక్రాలు, స్టీరింగు, కొన్నిట్లో కాస్త గట్టి సస్పెన్షను. ఇంజన్ మామూలుదే. వీటికీ ఎమ్ విభాగం చేసిన అసలు ఎమ్3 కారుకీ మధ్య ఇంకో మెట్టుంది. 2021లో మన దేశంలో విడుదలై చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో బిగిస్తున్న ఎమ్340ఐ ఆ మెట్టు మీదది. అందులో ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజన్, వచ్చినప్పుడు 387 గుర్రాల శక్తి. ఏఎంజీలో 63 అంకె ఉన్న వీ8 ఇంజన్ల మీద దాన్ని మొదటి నుంచి చివరి దాకా బిగించిన మనిషి సంతకం ఉన్న పలక ఉంటుంది. బానెట్ ఎత్తి ఆ పలక చూడండి.

ఇంత గుర్తుపెట్టుకోలేం అంటే ఒక్కటే చేయండి: ఆర్సీ అడిగి సీసీ, అంటే ఇంజన్ పరిమాణం అంకె, చూడండి. స్టిక్కరు అబద్ధం చెప్పొచ్చు గానీ ఆర్సీలో అంకె అంత తేలిగ్గా చెప్పదు. బీఎండబ్ల్యూ త్రీ-సిరీస్‌లో 1995 అని ఉంటే అది డీజిల్ 320డీ. 1998 అయితే పెట్రోలుది, 320ఐ గానీ 330ఐ గానీ. 2998 ఉంటే ఎమ్340ఐ అనుకోవచ్చు. 2014లో మొదలైన తరం ఎమ్3 అయితే 2979.

మా మావయ్య వరసాయన ఒకాయనకి పెద్దబజారులో పట్టు అంగడి ఉంది. చీర చేతికిస్తే ముందువైపు చూడడు. తిరగేసి, వెనక దారాలు చూసి, అంచు కలిసిన చోట గోటితో గీకి ధర చెప్తాడు. అలాంటి మనిషి వెనక 'ఎమ్3' అని ఉన్న నీలం బీఎండబ్ల్యూకి మొత్తం డబ్బు కట్టేసి, నా గ్యారేజీకి తెచ్చి, "ఏటల్లుడూ, ఎలాగుంది?" అన్నాడు. ఆర్సీ చూశాను. 1995. బానెట్ ఎత్తితే డీజిల్ చప్పుడు. నేను నవ్వాను. "మావయ్యా, అంచు పట్టు, ఒళ్లు నూలు" అన్నాను. ఆయన కొడుకు పక్కనే ఉన్నాడు, నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఇద్దరున్నారు. ఆయన ఏం అనలేదు. తాళం తీసుకుని వెళ్లిపోయాడు. ఆరు నెలలు మా ఇంటి శుభకార్యానికి కూడా రాలేదు.

నిజానికి 320డీ మంచి బండి. 190 గుర్రాలు, హైవే మీద డీజిల్ తాగేది చాలా తక్కువ, మా ఊరి నుంచి వైజాగ్ వెళ్లొచ్చేవాడికి అంతకంటే ఏం కావాలి? తప్పు బండిది కాదు, పాత ఓనరు బజార్లో కొని అతికించిన ఆ రెండు అక్షరాలది. దాన్ని పట్టుకుని నేను చేసింది తెలిసినవాడి టెక్కు. బ్యాడ్జీ చూసి మురిసేవాడిని ఎగతాళి చేసేవాడు కూడా చూస్తున్నది బ్యాడ్జీనే కదా. మీరు ఎవరి కారైనా చూడ్డానికి తోడు వెళ్తే, తప్పు కనిపించినప్పుడు మనిషిని పక్కకి పిలిచి చెప్పండి.

ఈ టెక్కుల మధ్య లాభపడే దారి కూడా ఒకటుంది. మా ఊళ్లో ఒక లెక్కల మాస్టారు స్కోడా ఆక్టావియా వీఆర్ఎస్ వాడతారు. 2017లో వచ్చిన 230 గుర్రాల బండి. ఆడి కార్లలో వాడే ఈఏ888 ఇంజన్ల కుటుంబమే అది, రెండు కంపెనీలూ ఒకే గూటివి. 2020లో 245 గుర్రాలది 200 కార్లు మాత్రమే ఇక్కడికి తెచ్చారు. పెళ్లి దగ్గర ఆయన కారు ఎవరూ తిరిగి చూడరు, "స్కోడానా" అనేసి ఊరుకుంటారు. తప్తపాణి ఘాట్‌లో మాత్రం ఆయన వెనక పడటం కష్టం.

ఇక వరద బండి సంగతి. ఇది నా సొంత గాయం.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో వానలకి కాలనీలు మునిగాయి. తర్వాతి ఏడాది మొదట్లో అక్కడ ఒక పాత కార్ల బేరగాడి దగ్గర ఆడి ఏ4 కొన్నాను. లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటోంది, కార్పెట్లు కొత్తగా తళతళలాడుతున్నాయి. మెకానిక్కుని నేను, నన్నెవడు మోసం చేస్తాడన్న ధీమా. ఇంటికొచ్చాక మొదటి వానాకాలంలో అద్దాలు వాటంతటవే దిగడం మొదలుపెట్టాయి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరదు. ఇలాంటి కార్లలో వైర్ల కీళ్లూ కంట్రోల్ యూనిట్లూ చాలామట్టుకు కార్పెట్ల కింద, సీట్ల కింద ఉంటాయి. నీళ్లు దిగాక ఆరినట్టే కనిపిస్తాయి గానీ, లోపల రాగి పచ్చబడుతూనే ఉంటుంది. కార్పెట్ ఎత్తితే ఎండిన ఒండ్రు, మా చెరువు గట్టు మీద ఆగస్టులో పగిలినట్టు పగిలి ఉంది.

అప్పటినుంచి ఏ కారు దగ్గరికి వెళ్లినా మొదట సీటు బెల్టు పట్టుకుంటాను. నెమ్మదిగా, పూర్తిగా, ఇంక రాదు అనేదాకా లాగండి. బట్టలారేసే క్లిప్పు ఒకటి జేబులో వేసుకెళ్లి, అది వెనక్కి పోకుండా బిగించండి. ఇప్పుడు చివరి మూరెడు చూడండి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు, ఆ మూరెడు కడగాలని ఎవడికీ తట్టదు. అడ్డంగా మట్టి రంగు గీత కనిపించినా, వేళ్ల మధ్య నలిపితే పొడి రాలినా, ముక్కు దగ్గర పెడితే తడిసిన గోనెసంచి వాసన వచ్చినా, నమస్కారం పెట్టి వచ్చేయండి. ధర తగ్గిస్తానంటే ఇంకా వేగంగా వచ్చేయండి. తర్వాత సీటు ముందుకి జరిపి కింద పట్టాలూ బోల్టులూ చూడండి. ఆ తర్వాత డిక్కీలో చాప ఎత్తి అడుగు గుంట చూడండి.

గోపాల్‌పూర్ దగ్గర ఉండే మనకి ఇంకో తికమక ఉంది. సముద్రపు గాలికి తిరిగిన కార్లకి కూడా తుప్పు పడుతుంది, కానీ అది కింద, సైలెన్సరు అతుకుల దగ్గర, సస్పెన్షన్ చేతుల మీద కనిపిస్తుంది. సీటు పట్టాల మీద, డ్యాష్‌బోర్డు వెనక ఇనుము మీద తుప్పుందంటే గాలి పని కాదు. 2015 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడ, ఇలా మునిగిన ఊళ్ల నుంచి వచ్చే కారు అమ్మకానికొచ్చిన తేదీని వరద తేదీతో కలిపి చూసుకోండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజన్ చప్పుడు మీరు వినడం ఆయనకి ఇష్టం లేదని అర్థం. కారు కంప్యూటరుని చదివే స్కానర్ పెట్టించండి. బీఎండబ్ల్యూల్లో తిరిగిన కిలోమీటర్లు మీటరులోనే కాక వేరే యూనిట్లలో కూడా నమోదవుతాయి. రెండు చోట్ల రెండు అంకెలుంటే మీటరు తిప్పారు. గేర్‌బాక్సు నూనె మార్చిన బిల్లు అడగండి. 'జీవితాంతం మార్చక్కర్లేదు' అని షోరూం వాళ్లు అంటారు గానీ, బీఎండబ్ల్యూల్లో ఉండే ఎనిమిది గేర్ల పెట్టె తయారుచేసే జెడ్ఎఫ్ వాళ్లే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. వీఆర్ఎస్‌లో ఉండే నూనెలో మునిగే క్లచ్చుల డీఎస్‌జీ గేర్‌బాక్సుకి అయితే 60,000కే.

టైర్ల మీద చివరి నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. చాలా బీఎండబ్ల్యూలకి రన్‌ఫ్లాట్ టైర్లు, స్టెప్నీ ఉండదు. గాలి పోయాక కూడా గంటకి 80 వేగంలో ఓ 80 కిలోమీటర్లు పోతాయి, బాగానే ఉంది. కానీ తప్తపాణి దాటి మోహన వైపు పోయే దారిలో అంచు చిరిగితే ఆ సైజు టైరు ఎవరి దగ్గరా దొరకదు. నేను నా ఖాతాదార్లకి పంచరు కిట్టూ చిన్న కంప్రెసరూ పెట్టిస్తాను.

నడిపి చూడడానికి రెండు దారులు. హైవే ఎక్కి ఇచ్ఛాపురం దాకా వెళ్లి రండి, బండి ఒక పక్కకి లాగుతోందా, స్టీరింగు వణుకుతోందా తెలుస్తుంది. రెండోది ఘాట్, బ్రేకుల కోసం. నాలుగు వరసల హైవే మీద కార్లకి చట్టం ఇచ్చిన వేగం 100. ఎమ్340ఐ ఆ 100ని 4.4 సెకన్లలో ముట్టేస్తుంది. తర్వాత మీరు చేయాల్సిందల్లా ఆ ముందు పోయే ఇటుకల ట్రాక్టరు వెనక ఓపిగ్గా పోవడం. ఇది ముందే తెలుసుకుని కొంటే బాధ ఉండదు.

కాగితాలు: పక్క రాష్ట్రం బండి అయితే పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, బ్యాంకు అప్పు తీరినట్టు కాగితం, ఈ రెండూ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే మా ఒడిశా ఓడీ 07 నంబరు వేయించుకోవాల్సిందే. ఇక్కడి రోడ్డు ట్యాక్సు మళ్లీ కట్టాలి, దాన్ని బేరంలోనే లెక్కేయండి. కొందరు తెలంగాణ నంబరు ఉంటే హోదా అని అలాగే తిప్పుతారు, ఆ హోదా చెక్‌పోస్టు దగ్గర తీరిపోతుంది.

మావయ్య మళ్లీ వచ్చాడు, ఏడో నెలలో. గేర్‌బాక్సు నూనె మార్చమన్నాడు. పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని, చివర్లో మెల్లిగా అడిగాడు. "అల్లుడూ, వెనకాల అది పీకేస్తే రంగు పోతాదా?"

పోదు. మీక్కూడా పనికొస్తుంది, చెప్తాను. జుట్టు ఆరబెట్టే డ్రయరుతో అక్షరాల్ని వేడి చేయాలి, చెయ్యి పెట్టలేనంత కాకుండా. తర్వాత సన్నటి దారం రెండు చేతులకి చుట్టుకుని, అక్షరం వెనక దూర్చి, రంపంలా అటూ ఇటూ కోయాలి. స్క్రూడ్రైవర్ జోలికి పోవద్దు. మిగిలిన జిగురుని కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగేయాలి. మావయ్య జేబులోంచి పట్టుదారం కండె తీశాడు, అంగడి నుంచి తెచ్చుకున్నాడు. రెండుసార్లు తెగింది. చివరికి గోపాల్‌పూర్ నుంచి తెచ్చిన గాలం నైలాన్ తీగతో కోశాం.

అక్షరాలు వచ్చేశాయి. చుట్టూ నీలం ఎండకి కాస్త వెలిసింది, వాటి కింద రంగు మాత్రం కొత్తగా ఉండిపోయింది. వంగి చూస్తే 'ఎమ్3' అని ఇంకా చదవొచ్చు. పాలిష్ పెడితే కొంత కలుస్తుందన్నాను. ఆయన గుడ్డ తీసుకుని రెండుసార్లు రుద్దాడు, దూరం జరిగి చూశాడు, మళ్లీ వంగి చూశాడు. "ఉండనీలే" అన్నాడు.