కుందేలు తినడం మానేసిందా? పొద్దుటిదాకా ఆగొద్దు

కుందేలుని పెంచేవాళ్ళు పొద్దున లేవగానే చెయ్యాల్సిన మొదటి పని దాని ట్రే చూడటం. పెంటికలు ఎన్ని ఉన్నాయి, ఎంత సైజు ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయా అని. వినడానికి ఏదోలా ఉంటుంది గానీ కడుపులో తేడా వస్తే అన్నిటికంటే ముందు తెలిసేది అక్కడే, ఎందుకంటే కుందేలు కుక్కలా మూలగదు, పిల్లిలా అరవదు, ఎంత నొప్పి ఉన్నా దాచుకుంటుంది, వేటాడే జంతువుల కంట పడకూడదని దానికి పుట్టుకతో వచ్చిన అలవాటది.

మా మొదటి కుందేలు మల్లి విషయంలో మాకిది తెలీదు. ఒక శనివారం సాయంత్రం గిన్నెలో వేసింది వేసినట్టే వదిలేసి మూలకెళ్ళి ముడుచుకుని కూర్చుంది, ఎండలకి అలిసిపోయిందేమోలే పొద్దున్నే చూద్దాం అన్నారు ఇంట్లో, నేనూ సరే అనుకున్నా. పొద్దున ట్రేలో ఒక్క పెంటిక లేదు, ఆదివారం కావడంతో తెలిసిన క్లినిక్కులన్నీ మూసున్నాయి, మధ్యాహ్నానికి పోయింది. రెండేళ్ళు కూడా నిండలేదు దానికి. ఇప్పుడు మా ఇంట్లో చిన్నూ ఉన్నాడు, వీడికీ ఒకసారి అదే పరిస్థితి వచ్చింది కానీ బతికాడు. రెండిటికీ తేడా మేం కదిలిన టైమే, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు బాగున్న పెంటిక ఎలా ఉంటుందో చూసి పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకి ఇంచుమించు 200 నుంచి 300 దాకా వేస్తుంది, బఠాణీ గింజంత గుండ్రంగా, గోధుమరంగులో, పొడిగా. నేను రోజూ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి చూస్తా, బాగున్నదైతే పొడిపొడిగా విడిపోయి లోపల రంపపు పొట్టులా గడ్డి నూగు కనిపిస్తుంది, వాసన దాదాపు ఉండదు. అదే మిరియం గింజంత చిన్నగా, నల్లగా, నలిపినా నలగకుండా గట్టిగా ఉంటే లోపల పేగు నెమ్మదించింది అని. కొన్నిసార్లు వెంట్రుకతో దండ గుచ్చినట్టు ఒకదానికొకటి తగులుకుని వస్తాయి, బొచ్చు ఊడే సీజన్లో అది మామూలే, దువ్వెనతో రోజూ దువ్వి గడ్డి ఎక్కువ పెట్టండి. కానీ సైజు కూడా తగ్గుతూ వస్తే మాత్రం పట్టించుకోవాలి.

ఇంకో రకం కూడా ఉంది, మెత్తగా మెరుస్తూ చిన్న ద్రాక్షగుత్తిలా అంటుకుని, ఘాటు వాసనతో. కొత్తవాళ్ళు ఇది చూసి మోషన్స్ అనుకుని కంగారు పడిపోతారు. అది మోషన్స్ కాదండి. కుందేలు పేగుల్లో సీకమ్ అని పెద్ద సంచిలాంటి భాగం ఉంటుంది, గడ్డి అక్కడ పులిసి, మంచి బాక్టీరియా పనిచేసి, విటమిన్లు ప్రోటీన్లు తయారై ఆ మెత్త గుత్తిగా బయటికొస్తాయి, కుందేలు వంగి నేరుగా నోటితో తీసుకుని తినేస్తుంది, ఎక్కువగా రాత్రిపూటో తెల్లారుజామునో. చూడ్డానికి అసహ్యం అనిపించి ఆపకండి, అది దానికి భోజనమే. అది తినకుండా వదిలేసి వెనకభాగానికి అంటుకుని కనిపిస్తోందంటే పెల్లెట్స్ (షాపుల్లో దొరికే గుళికల దాణా), పండ్లు ఎక్కువై ఉండాలి, లేదా లావెక్కి వంగలేకపోతుండాలి, లేదా నడుమో పళ్ళో నొప్పి ఉండాలి. వెనకభాగం తడిగా మురికిగా ఉంటే ఎండాకాలం వానాకాలం ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి రోజూ ఒకసారి తిప్పి చూడండి.

నిజమైన మోషన్స్ అంటే నీళ్ళలా. అందులోనూ రెండు మూడు నెలల పిల్లకి నీళ్ళ విరేచనాలంటే ఆ పూటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. మార్కెట్లో అమ్మేవాళ్ళు చిన్నగా ముద్దుగా ఉంటే త్వరగా అమ్ముడుపోతాయని నెల రోజులకే తల్లి దగ్గర్నుంచి తీసేస్తారు, ఎనిమిది వారాలు తల్లితో ఉండాల్సిన పిల్లలవి, పైగా ఒకే ఇరుకు బోనులో ఇరవై కలిసి ఉంటాయి, కాక్సీడియా అనే పరాన్నజీవి పెంటికల ద్వారా ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుంది. కొత్తగా తెచ్చిన పిల్లకి పెంటికల టెస్ట్ చేయించడం మంచిది, దానికి మందులున్నాయి.

ఇక అసలు విషయం, పేగులు ఆగిపోవడం. డాక్టర్లు జీఐ స్టేసిస్ అంటారు. కుందేలు కడుపు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, పీచు లోపలికి పోతూ ఉంటేనే పేగు కదులుతూ ఉంటుంది. గడ్డి తగ్గినా, నీళ్ళు తగ్గినా, ఎక్కడైనా నొప్పి ఉన్నా, భయపడినా, వేడి ఎక్కువైనా కదలిక మందగిస్తుంది, లోపలున్నది ఎండి గట్టిపడుతుంది, గ్యాస్ పడుతుంది, ఆ నొప్పికి తినడం మానేస్తుంది, తినకపోవడం వల్ల పేగు ఇంకా ఆగుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలున్నది వెనక నుంచే పోవాలి. తిండి లేకుండా ఒక రోజు గడిస్తే ఒంట్లో కొవ్వు కరిగి లివర్ మీద పడుతుంది, లావు కుందేళ్ళకి మరీ ప్రమాదం. కడుపులో వెంట్రుకల ఉండ అడ్డుపడింది, పైనాపిల్ జ్యూస్ పోస్తే కరిగిపోతుంది అని చాలామంది చెప్తారు. వెంట్రుకలు ప్రతి కుందేలు కడుపులోనూ ఉంటాయి, పేగు కదిలితే అవే పోతాయి, పైనాపిల్‌కి వాటిని కరిగించే శక్తి లేదు, అందులో చక్కెర మాత్రం బోలెడు.

చిన్నూకి వచ్చింది దీపావళి రాత్రి. వీధిలో లక్ష్మీబాంబులు పేలుతుంటే మంచం కింద దూరి బయటికి రాలేదు. పదకొండింటికి కొత్తిమీర కట్ట ముందు పెట్టా, మామూలుగా అయితే నా చేతిలోంచి లాక్కుంటాడు, ఆ రోజు ముక్కు దగ్గరికి తీసుకెళ్తే మొహం తిప్పుకున్నాడు. కళ్ళు సగం మూసుకుని, ఒళ్ళంతా బంతిలా ముడుచుకుని, దగ్గరికెళ్తే పళ్ళు కొరుకుతున్న చప్పుడు. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి, తల నిమిరేటప్పుడు మెల్లగా టకటకా చేస్తే అది హాయి, ఇలా ముడుచుకుని గట్టిగా కరకరా నూరితే నొప్పి. ఇంకా నొప్పి ఉన్నవి పొట్టని నేలకి అదిమి సాగుతాయి, అటు తిరిగి ఇటు తిరిగి కూర్చుంటాయి, చెవులు చల్లబడతాయి.

అప్పుడు ఏం చెయ్యాలో వరసగా చెప్తా. ఇష్టమైనది ఒకటి ముందు పెట్టి చూడండి, అది కూడా వద్దంటే అలక అనుకోవద్దు. తర్వాత టెంపరేచర్. మెత్తటి కొన ఉన్న డిజిటల్ థర్మామీటర్‌కి వాజలీన్ రాసి వెనక నుంచి ఒక సెంటీమీటరు, మహా అయితే రెండు, మెల్లగా పెట్టాలి, ఒకళ్ళు పట్టుకుంటే ఒకళ్ళు పెట్టాలి, చేతకాకపోతే బలవంతం చెయ్యొద్దు చెవులు పట్టుకుని చూడండి. 101 నుంచి 103 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మామూలు. 100 కంటే తగ్గితే ఒంట్లో వేడి పోతోందని అర్థం, వేడినీళ్ళ సీసాకి టవల్ చుట్టి పక్కన పెట్టి వెచ్చబరుస్తూనే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి, చల్లబడ్డ కుందేలుకి నోట్లో ఏమీ పొయ్యకండి.

ఆ తర్వాత పొట్ట మీద చెయ్యి. చపాతీ పిండి ముద్దలా మెత్తగా ఉండాలి. ఉబ్బిపోయి డోలులా బిగుసుకుని ఉంటే, అదీ గంట రెండు గంటల క్రితం దాకా గంతులేసింది హఠాత్తుగా పడిపోతే, పేగులో ఏదో అడ్డుపడి ఉండొచ్చు. అలాంటప్పుడు సిరంజితో తిండి పెట్టకూడదు, పొట్ట రుద్దకూడదు, అర్ధరాత్రయినా సరే తీసుకెళ్ళిపోవాలి. డాక్టర్ని ఎక్స్‌రేతో పాటు రక్తంలో షుగర్ కూడా చూడమనండి, బాగా ఎక్కువ, అంటే 360 mg/dL దాటి ఉంటే అడ్డుపడిందనే అనుమానం బలపడుతుంది, మనుషులకి వాడే గ్లూకోమీటర్‌తోనైనా ఒక అంచనా వస్తుంది.

పొట్ట మెత్తగానే ఉంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది, కానీ తినట్లేదు, అప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి తిండి మొదలుపెట్టొచ్చు. క్రిటికల్ కేర్ అని గడ్డిపొడి ప్యాకెట్ దొరుకుతుంది, ఆన్‌లైన్లో తెప్పించి ముందే ఇంట్లో పెట్టుకోండి, అవసరం వచ్చిన రాత్రి ఆర్డర్ పెడితే రాదు. లేకపోతే మామూలు పెల్లెట్స్ గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తగా జావలా చేసి వడగట్టండి. కుందేలుని టవల్లో చుట్టి తల ఒక్కటే బయటికి ఉంచి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, వెల్లకిలా తిప్పొద్దు. సూది తీసేసిన సిరంజి కొన ముందుపళ్ళ వెనకున్న ఖాళీలోంచి పక్కగా పెట్టి అర మిల్లీలీటరు, అంతే, నమిలి మింగిందాకా ఆగి మళ్ళీ ఇంకో అర. నేరుగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిలో బరువుకి ఒక్కోసారి పది మిల్లీలీటర్లు వెళ్ళినా చాలు, మూడు నాలుగు గంటలకోసారి. చిన్నూ మొదటి మూడు సిరంజిలు నా షర్ట్ మీదే ఊశాడు, నాలుగోది నమిలాడు, ఆ దవడ కదలడం చూసి మా అమ్మ ఏడ్చేసింది.

కానీ ఇది ట్రీట్‌మెంట్ కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా నిలబెట్టడం. అసలు కావాల్సింది నొప్పి తగ్గించే మందు, చర్మం కిందో నరంలోనో సెలైన్, అడ్డంకి లేదని తేలాక పేగు కదిలే మందు. మెలాక్సికామ్ లాంటివి డాక్టర్ బరువు చూసి ఇస్తారు, ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు విరిచి వెయ్యకండి. పిల్లల గ్యాస్ డ్రాప్స్ చాలామంది వేస్తారు, పెద్దగా హాని లేదు గానీ వాటిని నమ్ముకుని కూర్చుంటే టైమ్ పోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. మన దగ్గర చాలా క్లినిక్కుల్లో కుక్కలు పిల్లులే ఎక్కువ, కుందేలు ఎప్పుడో ఒకటి. మల్లి బతికున్నప్పుడు ఒకచోట తుమ్ములకని అమాక్సిసిలిన్ సిరప్ రాసిచ్చారు, మెడికల్ షాపతను అడ్డు చెప్పబట్టి వెయ్యలేదు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో మంచి బాక్టీరియా చచ్చి చెడ్డది పెరిగి విషం అవుతుంది, ప్రాణం పోతుంది. ప్రిస్క్రిప్షన్ చేతికి రాగానే "డాక్టర్ గారూ, ఇది కుందేలుకి నోటి ద్వారా సేఫేనా" అని అడగండి, మొహమాటపడొద్దు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో ఆసుపత్రులున్నాయి, అటువైపు ఉండేవాళ్ళు ఆ టైమింగ్స్, మీ ఊళ్ళో రాత్రి తీసే క్లినిక్ నంబరు ఇవాళే కనుక్కుని ఫోన్లో సేవ్ చేసుకోండి. ఆపరేషన్ చేయించేటప్పుడు కూడా, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు అని ఎవరైనా అంటే అది కుక్కల రూలని చెప్పండి, కుందేలుకి వాంతి రాదు కాబట్టి అలా పస్తు పెట్టాల్సిన పని లేదు, పెడితే పేగు ఆగుతుంది.

రాకుండా చూసుకోవడం అంటే ముప్పాతికకి పైగా గడ్డే. టిమోతీ హే అనే ఎండుగడ్డి రేటు ఎక్కువ, నిజమే, నేనైతే అది కొంచెం, ఓట్స్ గడ్డి కొంచెం, రోజూ ఇంత గరిక కలిపి పెడతా. గరిక పొలం గట్టు మీదో ఖాళీ ప్లాట్‌లోనో దొరుకుతుంది, మందు కొట్టని చోట, రోడ్డు పక్కది కాకుండా కోసి, కడిగి ఆరబెట్టాలి. వరిగడ్డిలో పోషకాలు తక్కువ, పరుపుగా వెయ్యొచ్చు గానీ దాని మీదే బతకమంటే కుదరదు. లూసర్న్ (అల్ఫాల్ఫా గడ్డి) పిల్లలకి మంచిది, ఆరు నెలలు దాటాక కాల్షియం ఎక్కువైపోతుంది. ఆకుల్లో కొత్తిమీర, పుదీనా, తులసి, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు బాగుంటాయి, పాలకూర తోటకూర రోజూ వద్దు. ఏ కొత్త ఆకైనా ఒక రెమ్మతో మొదలుపెట్టి మర్నాడు ట్రే చూసి పెంచండి. పెల్లెట్స్ కిలో బరువుకి రోజుకి ఒకటి రెండు చెంచాలు చాలు. క్యారెట్ దుంప తీపి, వారానికి రెండు మూడు చిన్న ముక్కలంతే. అన్నం, చపాతీ, బిస్కెట్, బ్రెడ్, శనగలు, అటుకులు, ఏవీ వద్దు, ఉల్లి వెల్లుల్లి అసలే వద్దు. చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు ప్రేమగా బిస్కెట్లు పెట్టేస్తుంటారు, ఒక గిన్నెలో పుదీనా రెమ్మలు తుంపి ఇచ్చి ఇవి పెట్టమ్మా అంటే వాళ్ళకీ సరదా తీరుతుంది.

ఎండాకాలం 28, 30 డిగ్రీలు దాటితేనే కుందేలుకి కష్టం, మన దగ్గర 42 పోతుంది. డాబా మీద రేకుల కింద గూడు పెట్టకండి. నీళ్ళసీసా కంటే బరువైన మట్టిమూకుడు మేలు, వంగి ఎక్కువ తాగుతాయి. ఒక బాటిల్లో నీళ్ళు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడితే ఆనుకుని పడుకుంటాయి.

చిన్నూకి సెలైన్, నొప్పి ఇంజెక్షన్ పడ్డాక తెల్లవారి ఆరింటికి మూడు పెంటికలు వేశాడు, ఆవగింజకి కొంచెం పెద్దవి. సాయంత్రానికి పదిహేను, వెంట్రుకలతో తగులుకుని. మామూలు సైజుకి రావడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులూ సిరంజి ఆపలేదు, మెల్లమెల్లగా తగ్గించా. తనంతట తను గడ్డి తింటోందని కళ్ళతో చూసేదాకా మీరూ ఆపకండి. ఇక ఒకసారి తగ్గి నెలలోపే మళ్ళీ వస్తే పళ్ళు చూపించండి, కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, దవడ పళ్ళు సరిగ్గా అరగకపోతే ముళ్ళలా మొన తేలి నాలుకని, బుగ్గని కోస్తాయి, ముందుపళ్ళు మాత్రం చూసి బాగానే ఉన్నాయి అంటే ఒప్పుకోకండి, నోటి లోపల స్కోప్ పెట్టి చూడమనండి.