క్లాసులో రాశిఫలాల పరీక్ష: వారం గ్యాప్‌తో రెండు పీరియడ్లు, ఒక జిరాక్స్ కాగితం

జాతకాలు నమ్మొద్దని అరగంట ఉపన్యాసం ఇస్తే పిల్లలు తలూపుతారు, సాయంత్రం ఫోన్లో రాశిఫలం చూసుకుంటారు. చెప్పడం మానేసి వాళ్ల చేతే మార్కులు వేయించండి. కర్నూలు, కడప, అనంతపురం ఏ ఊరి డిగ్రీ కాలేజీలోనైనా 36 మంది ఉన్న సెక్షన్ దీనికి చాలు.

ఇది పాత పరీక్షే. 1948లో అమెరికా మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ‘మీ వ్యక్తిత్వ నివేదిక’ అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందరి కాగితం ఒకటే. అందులోని వాక్యాలు చాలావరకు బజారులో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి.

మొదటి పీరియడ్‌లో పది ప్రశ్నల ఫారం నింపించండి: పుట్టిన తేదీ, నక్షత్రం, పాదం, కోపం వస్తే ఏం చేస్తారు, ఇట్లాంటివి. తర్వాత రాశి తేల్చుకోవడానికి నక్షత్రం, పాదం తప్ప మిగతావి మీకు పనికిరావు. అయినా ఫలితం వారం తర్వాతే ఇవ్వండి. అప్పటికప్పుడు ఇస్తే ‘ఇంత తొందరగా ఎట్లా రాశారు’ అని ఎవరో ఒకరు పట్టేస్తారు. జిరాక్స్ మీద ప్రతి ఒక్కరి పేరూ చేత్తో రాయండి. ‘ఇది ప్రత్యేకంగా నీ కోసమే’ అనుకున్నప్పుడు మార్కులు పెరుగుతాయి, ‘అందరికీ వర్తిస్తుంది’ అంటే తగ్గుతాయి.

అసలు పనితనమంతా ఆ కాగితంలోనే ఉంది. పది పన్నెండు వాక్యాలు ఇట్లా ఉండాలి:

‘పైకి గట్టిగా మాట్లాడతారు గానీ, ఒక మాట పడితే రాత్రంతా నిద్రపట్టదు.’
‘నలుగురిలో కలివిడిగా ఉంటారు, కొన్నిసార్లు మాత్రం ఎవరూ వద్దనిపిస్తుంది.’
‘ఇంట్లో మీరు పడే కష్టానికి తగ్గ గుర్తింపు రాలేదు.’
‘మీ తెలివిలో సగం కూడా ఇంకా బయటపడలేదు.’

రెండో వాక్యంలో ‘కొన్నిసార్లు’ అనే మాట చూడండి. అటూ ఇటూ రెండూ చెప్పేసింది కాబట్టి తప్పే అవకాశం లేదు. చదివేవాడు తన జీవితంలోంచి ఒక సంఘటన తెచ్చి దానికి అతికిస్తాడు. కాగితం చేయని పని వాడి జ్ఞాపకం చేసిపెడుతుంది. ‘మీకు ఇద్దరు అక్కలు’ అని రాశారో, సగం క్లాసు మార్కులు పోతాయి. ‘ఈ వేసవిలో మీ బోరులో నీళ్లు పడతాయి’ అన్నా అంతే. మొత్తం పొగడ్తే అయితే అనుమానిస్తారు, మొత్తం తిట్టే అయితే ఒప్పుకోరు. నాలుగు వంతుల మెప్పుకి ఒక వంతు నొప్పి కలపండి.

రెండో పీరియడ్‌లో పిల్లల్ని దూరందూరంగా కూర్చోబెట్టి, కాగితాలు మడిచి ఇవ్వండి. ఎవరూ నోరెత్తకముందే 0 నుంచి 5 దాకా మార్కు రాయించి, చీటీలు తీసుకుని సగటు బోర్డు మీద వేయండి. ఆ తర్వాతే ‘వెనక వాళ్ల కాగితం తీసుకుని చదవండి’ అనండి. గుట్టు ఆ పీరియడ్‌లోనే విప్పేయాలి, మర్నాటికి మిగల్చకూడదు. 5కి 5 వేసిన పిల్లను లేపి నిలబెట్టకండి.

ఇక్కడితో ఆపితే పరీక్ష సగమే. జాతకం తప్పని ఇది రుజువు చేయలేదు. ‘నాకు సరిగ్గా సరిపోయింది’ అనే మాట సాక్ష్యం కాదని మాత్రమే చూపించింది. అందుకే రెండో అంచె ఉంది. ఉగాది పంచాంగంలోని రాశిఫలాలు టైపు చేసి, రాశి పేరు తీసేసి, ఒక్కొక్కరికి మూడు ఇవ్వండి: తమది ఒకటి, వేరేవి రెండు. తమది ఏదో గుర్తుపట్టాలి. గుడ్డిగా ఎంచుకున్నా 36 మందిలో 12 మందికి తగులుతుంది. 7 నుంచి 17 దాకా ఎంత వచ్చినా అది అదృష్టం ఖాతాలోనే.

ఇది చెడేది ఆనవాళ్ల వల్ల. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాల అంకెలు, గ్రహాల పేర్లు అన్నీ కొట్టేయాలి. ‘శని’ అన్న మాట కనపడితే చాలు, ఏలినాటి శని నడుస్తోందని ఇంట్లో విన్నవాడు తన కాగితం పట్టేస్తాడు. అన్నట్టు ఏలినాటి శని ఎప్పుడూ మూడు రాశులకు ఉంటుంది. అర్ధాష్టమ, అష్టమ శనులు కూడా కలిపితే పన్నెండింట్లో ఐదు. కష్టంలో ఉన్న ఎవరికైనా శని దొరకడం వింతేమీ కాదు. జన్మ నక్షత్రం తెలియక పేరు మొదటి అక్షరాన్ని బట్టి రాశి చూసుకునేవాళ్లను ముందే అడిగి విడదీయండి.

‘జ్యోతిష్కులకైతే తెలుస్తుంది’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో అదే అడిగింది. 27 మంది జ్యోతిష్కులకు తలా 40 జాతకాలిచ్చి, ఏది చురుకైన విద్యార్థిది, ఏది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలది చెప్పమంది. సగటున 46 శాతం సరిపోయాయి. నాణెం ఎగరేసినా 50 వచ్చేది.

మనుషుల్ని పదహారు రకాలుగా విడదీసే వ్యక్తిత్వ పరీక్ష (MBTI) ఒకటుంది, దాని సంగతి తేల్చడానికి ఇంత శ్రమ అక్కర్లేదు. ఐదు వారాల తర్వాత చెప్పకుండా అదే పరీక్ష మళ్లీ రాయించండి, చాలామందికి రకం మారిపోతుంది. కొలతను మధ్యలో నరికి రెండు డబ్బాల్లో వేయడమే దానికి కారణం. 49 వచ్చినవాడూ 51 వచ్చినవాడూ వేరు మనుషులైపోతారు.

చివర్లో ‘మా తాతకు చెప్పింది చెప్పినట్టు జరిగింది సార్’ అంటారు. వాదించకండి. ఒక నోటుబుక్కు ఇచ్చి, ఈసారి చెప్పినవన్నీ జరగకముందే తేదీ వేసి రాసిపెట్టమనండి, తప్పినవాటితో సహా. పుట్టిన వివరాలున్న ఫారాలు మాత్రం అదే రోజు చింపేయండి.