బెయిల్ వచ్చింది, మనిషి బయటకు రాలేదు: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

బెయిల్ మంజూరైంది. వకీలు ‘పని అయిపోయింది, సాయంత్రానికి వచ్చేస్తాడు’ అన్నారు. సాయంత్రం జైలు గేటు దగ్గర ‘ఈరోజు విడుదలయ్యేవారిలో ఆ పేరు లేదు’ అన్నారు. మర్నాడూ అదే మాట. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ వైపు తెలుగు కుటుంబాలకు ఇది పాత కష్టం. ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ వాలంటీరుగా జైళ్లకు వెళ్లివచ్చే నేను ఎక్కువసార్లు విప్పిన ముడి కూడా ఇదే. రిమాండ్ అంటే కేసు తేలేలోగా కోర్టు ఉత్తర్వుతో జైల్లో ఉంచడం. జామీను (ష్యూరిటీ) అంటే నిందితుడు కోర్టుకు వస్తాడని ఇంకొకరు పూచీ నిలబడడం, ఆ పూచీ రాసిచ్చే కాగితం బాండు.

ఈ కష్టంలో ఉన్నవాళ్లు వకీలును మారుస్తారు, కటక్‌లో హైకోర్టుకు పోదామంటారు, కోర్టు బయట టీ కొట్టు దగ్గర కనిపించిన దళారికి డబ్బిస్తారు. జైలు ఆఫీసులో మూడు ప్రశ్నలు మాత్రం అడగరు. ఇతను ఏ వారంటు (జైల్లో ఉంచమని కోర్టు ఇచ్చిన కాగితం) మీద లోపల ఉన్నాడు? ఆ వారంటులో పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, సెక్షన్లు ఎలా రాసి ఉన్నాయి? ఇతని పేరు మీద మొత్తం ఎన్ని వారంట్లు ఉన్నాయి? ములాఖత్‌కు వెళ్లిన రోజునే ఇవి అడగవచ్చు. చెప్పకపోతే జైలుకు వచ్చే లీగల్ ఎయిడ్ వకీలు చేత అడిగించండి. ముందు ఈ మూడింటి జవాబులు కాగితం మీద రాసుకుని రండి, మిగతాది తర్వాత మాట్లాడదాం అనడం నాకు అలవాటైపోయింది.

విడుదల ఉత్తర్వు అసలు జైలుకు చేరలేదు

మీ చేతిలో ఉన్నది బెయిల్ ఉత్తర్వు. జైలుకు కావలసింది విడుదల ఉత్తర్వు. ష్యూరిటీలను కోర్టు అంగీకరించి, బాండు తీసుకున్నాకే రెండోది పుడుతుంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిల్ ఉత్తర్వు సాఫ్ట్ కాపీని కోర్టు అదే రోజు లేదా మర్నాడు జైలు సూపరింటెండెంటుకు ఈమెయిల్‌లో పంపాలి. మంజూరైన తేదీని సూపరింటెండెంటు జైళ్ల ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయాలి. ఆ మెయిల్ వచ్చినంత మాత్రాన గేటు తెరవరు. అది ఖైదీకి సంగతి తెలియజేయడానికి. బాండు పని పూర్తయిందా లేదా అని బెంచ్ క్లర్కును అడిగితే ఈ అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది.

ష్యూరిటీ దగ్గర ఆగింది

సరిహద్దు జిల్లాల్లో ఇది మామూలే. మనిషి ఒడిశా జైల్లో ఉంటాడు. జామీను నిలబడే బావమరిది పాతపట్నంలోనో, పార్వతీపురంలోనో, ఇచ్ఛాపురంలోనో ఉంటాడు. అతని పట్టాదారు పాస్‌బుక్, 1-బి (భూమి రికార్డు) అన్నీ తెలుగులో ఉంటాయి. వాటిని చదవలేని గుమస్తా ‘ఇక్కడివాళ్లను తీసుకురండి’ అంటాడు. అప్పుడు కోర్టు ఆవరణలో అద్దె ష్యూరిటీలు దొరుకుతారు. వాళ్ల జోలికి పోకండి. ఒకే పట్టా పది కేసుల్లో పెట్టినట్టు బయటపడితే మీవాడి బెయిలే రద్దుకావచ్చు.

స్థానిక జామీనే కావాలన్న పట్టుదలకు చట్టంలో బలం తక్కువ. 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ సరిగ్గా ఇదే అడిగారు: బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయిన తెలుగువాడో మలయాళీయో అక్కడ ఆస్తులున్న జామీనుదారులను ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ కేసులో నిందితుడు తాపీమేస్త్రీ. అడిగిన జామీను పదివేలు. 2023 ఆదేశాలు కూడా స్థానిక జామీను షరతు పెట్టకపోవడమే మంచిదన్నాయి. కాబట్టి తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం నోటరీతో చేయించి, మోతీరామ్ తీర్పునూ 2023 ఆదేశాలనూ పేర్కొంటూ అర్జీ పెట్టండి. మొత్తం మరీ ఎక్కువైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 484వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ తగ్గించమని అడగవచ్చు. నెల గడిచినా బాండు ఇవ్వలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టే తనంతట తాను చూడవచ్చు. చూస్తుందని కూర్చోకండి, మీరే గుర్తుచేయండి.

బాండు అయింది, ఉత్తర్వు చేరింది, అయినా ఆపారు

నన్ను ఎక్కువగా ఏడిపించిన కారణం ఇదే. కోర్టు ఇచ్చింది, జైలు తీసుకుంది, కానీ రెండు కాగితాల్లో ఉన్న మనిషి ఒక్కడు కాదు.

జైలు అధికారికి మీవాడు ఎవరో తెలియదు. అతనికి తెలిసింది కస్టడీ వారంటు ఒక్కటే. విడుదల ఉత్తర్వు రాగానే దాన్ని వారంటు పక్కన పెట్టి చూస్తాడు. తేడా కనిపిస్తే వెనక్కి పంపుతాడు. ఒకరి బదులు ఇంకొకరిని వదిలేస్తే పోయేది తన ఉద్యోగం. అందుకని అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు.

తేడా ఎక్కడ పుడుతుందో చూడండి. ఒడిశా పోలీసు స్టేషన్‌లో పేరు అడిగాక ‘టైటిల్ ఏమిటి’ అని అడుగుతారు. అక్కడ ఇంటిపేరు చివర ఉంటుంది. మనకు ముందుంటుంది, అదీ చాలామందికి పొడి అక్షరంగా. టైటిల్ అడిగితే మనవాళ్లలో ఒకరు కులం చెబుతారు, ఒకరు ఊరి పేరు చెబుతారు, భయపడినవాడు ఏమీ చెప్పడు. వెంకటరావు అయితే ‘వెంకట’ పేరుగా, ‘రావు’ టైటిల్‌గా రాసుకుంటారు. ఒడియాలో రాసినది ఇంగ్లీషులోకి మారేసరికి అప్పన్న ‘అపన’ అవుతాడు. తండ్రి పేరు దగ్గర ఇంట్లో పిలిచే పేరు పడుతుంది. ఎఫ్ఐఆర్‌లో పడిన ఈ రూపమే రిమాండ్ కాగితంలోకి, అక్కడి నుంచి కస్టడీ వారంటులోకి వెళుతుంది.

ఆ తర్వాత నెలల తరబడి ఏ ఇబ్బందీ ఉండదు. రిమాండ్ పొడిగింపులు అదే పేరుతో సాగుతాయి. బెయిల్ పిటిషన్ ఎఫ్ఐఆర్ చూసి రాస్తారు కనుక అదీ గడిచిపోతుంది. బాండు రోజున మాత్రం గుర్తింపు కార్డు అడుగుతారు. మీరు ఆధార్ ఇస్తారు. వకీలు గుమస్తా బాండులో ఆధార్‌లోని పేరు రాస్తాడు. బాండు చూసి విడుదల ఉత్తర్వు టైపు చేస్తారు. అంటే తప్పు పుట్టేది చివరి రోజున, అదీ అసలైన పేరు రాయడం వల్ల. అందుకే దీన్ని ఎవరూ అనుమానించరు. ‘ఆధార్‌లో ఉన్నట్టే ఉంది కదా’ అని నాతో వాదించినవాళ్లు చాలామంది.

నంబర్ల దగ్గరా ఇదే తంతు. ఒక్క కేసుకే పోలీసు స్టేషన్ నంబరు ఒకటి, మేజిస్ట్రేట్ కోర్టులో జి.ఆర్. నంబరు ఒకటి, సెషన్స్‌కు వెళ్లాక ఎస్.టి. నంబరు ఒకటి, హైకోర్టు బెయిల్ పిటిషన్‌కు ఇంకో నంబరు. జైలు వారంటు మీద జి.ఆర్. నంబరుండి, ఉత్తర్వు మీద ఎస్.టి. నంబరు ఒక్కటే ఉంటే ఆగిపోతుంది. చార్జిషీటులో కొత్త సెక్షన్ చేర్చినప్పుడు కూడా అంతే: పాత సెక్షన్లతో వచ్చిన ఉత్తర్వు సరిపోదు.

ఇదంతా చిన్న విషయమనుకునేవారికి ఉత్తరప్రదేశ్ సంగతి చెబుతాను. 2025 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టే బెయిల్ ఇచ్చిన ఒక వ్యక్తి, గాజియాబాద్ జైలు నుంచి జూన్ 24న గానీ బయటపడలేదు. మే 27న విడుదల ఉత్తర్వు వచ్చినా, అందులో ఒక ఉపసెక్షన్ రాయలేదని 28 రోజులు ఆపారు. సుప్రీంకోర్టు ఆ రాష్ట్రాన్ని తాత్కాలిక పరిహారంగా 5 లక్షల రూపాయలు చెల్లించమంది. మనిషి ఎవరో, కేసు ఏదో స్పష్టంగా తెలుస్తున్నప్పుడు ఇలాంటి లోపం చూపి ఆపడం తగదని తేల్చింది. ఈ తీర్పును సూపరింటెండెంటు దృష్టికి మర్యాదగా తీసుకెళ్లండి, తప్పులేదు. కానీ దాన్ని పట్టుకుని గేటు దగ్గర వాదనకు దిగే కన్నా కాగితం సరిచేయించుకోవడమే త్వరగా తేలుతుంది.

సరిచేయడం ఇలా. ఇంకా బాండు ఇవ్వకపోతే, జైల్లో రాసుకొచ్చిన వివరాలను గుమస్తా ముందు పెట్టి, బాండులో వారంటు పేరును మొదట రాసి, ‘అలియాస్’ అని ఆధార్ పేరును తర్వాత రాయమనండి. తండ్రి పేరుకూ అదే పద్ధతి. నంబర్లు ఎన్ని ఉంటే అన్నీ రాయించండి. ఉత్తర్వు వచ్చేశాక తప్పు తెలిస్తే, ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే సవరణకు అర్జీ పెట్టించండి. వారంటు వివరాలు, ఆధార్ ప్రతి, జైలు తిప్పిపంపిన కాగితం జతచేయండి. పాత పేరు తీసేసి కొత్తది పెట్టమని అడగకండి, రెండూ ఉండేలా అడగండి. ‘ఇద్దరూ ఒక్కరే’ అని నోటరీ అఫిడవిట్ చేయించి నేరుగా జైలుకు తీసుకెళ్లేవారున్నారు. జైలు దాని మీద ఏమీ చేయలేదు, కోర్టు చెప్పాలి. ఇంకొకటి: బాండు పని శుక్రవారం సాయంత్రం దాకా సాగదీయకండి. అప్పుడు తేడా బయటపడితే సోమవారం దాకా అడిగే నాథుడుండడు.

కాగితాలన్నీ సరిపోయాయి, కానీ రెండో కేసు ఉంది

ఒక కేసులో బెయిల్ వస్తే ఆ కేసుకే. అవతల ఆంధ్రలో ఏ స్టేషన్‌లోనైనా పాత కేసుండి, అక్కడి కోర్టు పీటీ వారంటు (వేరే జైల్లో ఉన్న ఖైదీని తన ముందు హాజరుపరచమనే ఉత్తర్వు) పంపి ఉంటే, ఇక్కడి విడుదల ఉత్తర్వుతో గేటు తెరుచుకోదు. గంజాయి కేసుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఒక అరెస్టు అటు, ఒకటి ఇటు. ఇంట్లోవాళ్లకు చెప్పని పాత కేసు ఇలాగే బయటపడుతుంది కూడా. పై మూడో ప్రశ్న అడిగింది ఇందుకే. ఈ-కోర్ట్స్ యాప్‌లో రెండు రాష్ట్రాల్లోనూ పేరు పెట్టి వెతకండి, అక్షరాలు మార్చి మార్చి. దొరికితే ఆ కోర్టులో వేరే బెయిల్ పిటిషన్ వేయడమొక్కటే దారి.

డబ్బు లేదు

ముందు తెలుసుకోవలసింది: విడుదలకు జైల్లో ఏ రుసుమూ లేదు. ఎవరైనా అడిగితే అది లంచమే.

కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. ఈ సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా మనిషి విడుదల కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాల్సిన బాధ్యత సూపరింటెండెంటుది. ఎనిమిదో రోజున వెళ్లి ‘పంపారా’ అని అడగండి, పంపకపోతే మీరే కార్యదర్శికి రాయండి. జిల్లా జడ్జి అధ్యక్షతన కలెక్టరు, ఎస్పీ కూర్చునే విచారణ ఖైదీల సమీక్షా కమిటీ ముందుకు ఇలాంటి పేర్లే వెళ్లాలి.

పేద ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం ఒకటుంది. 2023 మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్షాఖైదీకి 25,000 దాకా ఇచ్చేందుకు వీలుండేది. జిల్లా కమిటీ ఆమోదించాలి. కానీ మత్తుపదార్థాల చట్టం, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం), మనీ లాండరింగ్, అవినీతి నిరోధక చట్టం కేసులకు ఇది వర్తించదు. గంజాయి కేసులే ఎక్కువున్న మన ప్రాంతంలో సగం ఆశ అక్కడే పోతుంది.

మన జైళ్లు రాష్ట్ర ప్రభుత్వాలవే. అదనపు రోజుల తిండి, కాపలా, మందుల ఖర్చంతా ఖజానాదే. అందుకే కలెక్టరుకు రాసే అర్జీలో ‘బెయిల్ వచ్చినా ఇన్ని రోజులు ప్రభుత్వ ఖర్చుతో ఉంచారు’ అన్న వాక్యం చేరుస్తాను. ఆ వాక్యం ఉన్న అర్జీకి జవాబు త్వరగా వస్తుంది.

మిగతావి

ఈమెయిల్ తప్పు అడ్రసుకు పోవడం, మనిషిని సబ్ జైలు నుంచి బరంపురం సర్కిల్ జైలుకు మార్చాక ఉత్తర్వు పాత జైలుకు చేరడం, సంతకం కింద ముద్ర లేకపోవడం అరుదు. ఒక్క ఫోన్‌తో తేలిపోతాయి. వీటి కోసం హైకోర్టు దాకా వెళ్లనక్కర్లేదు.