అమెరికా పౌరసత్వ దరఖాస్తుకు పత్రాలు ఎలా సిద్ధం చేసుకోవాలి?

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండబోతున్న మనవాళ్లు పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం నింపడం మొదలుపెట్టాక ఎక్కువగా తడబడేది రెండు చోట్ల: పేరు, తేదీలు. అందుకే ఫారం తెరవడానికి ముందే ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరచుకుని, ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవడానికి ఒక ఆదివారం కేటాయించండి.

ముందుగా దరఖాస్తు పెట్టగలిగే తేదీని తేల్చుకోండి. గ్రీన్ కార్డు మీద 'రెసిడెంట్ సిన్స్' అని ఉన్న తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. ఐదేళ్లు పూర్తయ్యే రోజుకు 90 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. తొందరపడి ఒక్కరోజు ముందు పంపినా తిరస్కరించే అవకాశం ఉంది కాబట్టి, లెక్క తేలిన తరువాత కూడా మరో వారం ఆగడమే మేలని నా అభిప్రాయం. అమెరికా పౌరులైన భార్య లేదా భర్త ద్వారా మూడేళ్లకే దరఖాస్తు చేసేవారు పెళ్లి ధ్రువపత్రంతో పాటు, ఆ భార్య లేదా భర్త పౌరసత్వానికి రుజువు, ఇద్దరూ కలిసి ఉంటున్నట్టు చూపే పన్ను పత్రాలు, బ్యాంకు ఖాతాలు, ఇంటి అద్దె ఒప్పందం కూడా జత చేయాలి.

తరువాతిది పేరు. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక ఉంటుంది. కొందరికి ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో పేరు మొత్తం ఒకే గడిలో పడితే, అమెరికా వీసా మీద మరో గడిలో 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని అచ్చయి వస్తుంది. ఆ మూడక్షరాలే మొదటి పేరుగా డ్రైవింగ్ లైసెన్సు మీదికి, జీతం చీటీ మీదికి ఎక్కి ఏళ్ల తరబడి వెంటాడిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఒక తెల్లకాగితం మీద ప్రతి పత్రంలో పేరు ఏ వరుసలో, ఏ అక్షరాలతో ఉందో రాసుకోండి. 'ఇంతకుముందు వాడిన పేర్లు' అనే చోట వాటన్నిటినీ దాచకుండా ఇవ్వండి. పేరు సరిచేసుకోవాలనుకునేవారు ఆ కోరికను ఇదే ఫారంలో తెలపవచ్చు. అలాంటివారికి ప్రమాణ స్వీకారం న్యాయస్థానంలో జరుగుతుంది.

పెళ్లి ధ్రువపత్రం, విడాకుల తీర్పు వంటివి తెలుగులో ఉంటే పూర్తి ఇంగ్లీషు అనువాదం జతపరచాలి. ముద్రల్లోని అక్షరాలు, అంచున చేత్తో రాసిన మాటలు కూడా వదలకూడదు. అనువాదం సంపూర్ణంగా, ఖచ్చితంగా ఉందనీ, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం చేయాలి.

అన్నిటికన్నా ఓపిక కావలసింది ప్రయాణాల పట్టిక. గత ఐదేళ్లలో 24 గంటలు దాటి దేశం బయట ఉన్న ప్రతి ప్రయాణాన్నీ రాయాలి. పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ దగ్గర పెట్టుకుని ముద్రలు చూడండి. ముద్ర చెరిగిన చోట విమాన టికెట్టు ఈమెయిల్ వెతకండి. ఇక్కడ ఒక చిన్న పొరపాటు పెద్ద చిక్కు తెస్తుంది: మనం 03/07 అంటే జూలై 3 అనుకుంటాం, అమెరికా ఫారంలో అది మార్చి 7 అవుతుంది. కాబట్టి మీ పట్టికలో నెల పేరు అక్షరాల్లోనే రాసుకుని, ఫారంలో ఎక్కించేటప్పుడు మాత్రమే అంకెల్లోకి మార్చండి. బయలుదేరిన రోజు, తిరిగొచ్చిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. ఐదేళ్లలో మొత్తం 30 నెలలైనా అక్కడ ఉండాలి.

అమ్మానాన్నల అనారోగ్యం వల్ల ఊరికి వెళ్లి ఆరు నెలలు దాటి ఉండిపోయినవారు భయపడి ఆ ప్రయాణాన్ని కుదించి రాయకండి. అది అబద్ధం కిందికి వస్తుంది. ఏడాది లోపే తిరిగొస్తే, ఆ కాలంలో మీ ఉద్యోగం, ఇల్లు, భార్యాపిల్లలు అమెరికాలోనే ఉన్నట్టు చూపే కాగితాలు, పన్ను ట్రాన్‌స్క్రిప్టులు (పన్ను శాఖ ఇచ్చే మీ పన్ను వివరాల నకళ్లు), ఆసుపత్రి డిశ్చార్జి పత్రం పెట్టి వివరించవచ్చు. ఎప్పుడైనా అరెస్టు జరిగి ఉంటే, కేసు కొట్టేసినా సరే, న్యాయస్థానం ధ్రువీకరించిన తుది తీర్పు ప్రతి తెప్పించుకోండి, ఒక న్యాయవాదిని కలిసిన తరువాతే దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తుతో గ్రీన్ కార్డు రెండు వైపుల నకలు పంపి, అసలు పత్రాలను ఇంటర్వ్యూకి దాచుకోండి. గడువు తీరిన పాస్‌పోర్టులను కూడా ఆ రోజు తీసుకెళ్లాలి. ప్రమాణం చేసే రోజున మీ గ్రీన్ కార్డును అధికారులకు అప్పగించాలి. 1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం, మరో దేశ పౌరసత్వం స్వీకరించినవారి భారత పౌరసత్వం ముగుస్తుంది. ఇక భారత పాస్‌పోర్టు మీద ప్రయాణించకూడదు. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవడానికీ, ఆపై ఓసీఐ కార్డుకీ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత్ ఇచ్చే కార్డు) కొత్త పౌరసత్వ ధ్రువపత్రం అవసరం. అందులో పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ప్రమాణం జరిగిన చోటే చదివి చూసుకుని, తప్పుంటే అక్కడి అధికారికి వెంటనే చూపించండి.