లక్షల ఫైళ్ళున్న డైరెక్టరీని శుభ్రపరచడం

లినక్స్ సర్వర్‌లో లాగ్ ఫైళ్ళు లక్షల్లో పేరుకున్న డైరెక్టరీలో ఫైళ్ళను తొలగించే ఆర్‌ఎమ్ ఆదేశాన్ని, అన్ని పేర్లనూ సూచించే నక్షత్రం గుర్తుతో నడిపితే, ఆదేశాలను అందుకుని నడిపే షెల్ ఆ పేర్లన్నిటినీ ఒకేసారి అందించబోవడం వల్ల, ఆర్గ్యుమెంట్ల జాబితా మరీ పొడవైందన్న దోషంతో అది ఆగిపోతుంది. అక్కడ, షరతులకు సరిపోయే ఫైళ్ళను వెతికే ఫైండ్ ఆదేశాన్ని వాడాలి.

ఫైలు చివరిసారి మారి ఎన్ని రోజులైందో చూసే ఎంటైమ్ షరతుకు ప్లస్ 30 అని ఇస్తే, ఫైండ్ పూర్తయిన 24 గంటల భాగాలనే లెక్కిస్తుంది కనుక, నిజానికి 31 రోజులు నిండినవే ఎంపికవుతాయి. మొదట జాబితాను మాత్రమే చూపించమని అడిగి, ఆడిట్‌కు అవసరమైనవాటిని వేరే చోటికి తరలించాక, దొరికినవాటిని తొలగించమని చెప్పే డిలీట్‌ను ఆదేశం చివర చేర్చాలి. ఫైండ్ షరతులను ఎడమ నుంచి కుడికి పరిశీలిస్తుంది కాబట్టి, డిలీట్‌ను ముందు పెడితే నిన్నటి ఫైళ్ళు కూడా పోతాయి. ఇంతకంటే ప్రమాదకరమైన తొందరపాటు ఈ పనిలో లేదు.

తొలగించాక కూడా డిస్కులో ఖాళీ పెరగకపోతే, ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలును ఇంకా తెరిచి ఉంచిందేమో తెరిచి ఉన్న ఫైళ్ళను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆదేశంతో చూసి, ఆ ప్రోగ్రాంను రీస్టార్ట్ చేయాలి.