రొమాంటిక్ కామెడీ కథకు నటులు ఒప్పుకోవడం లేదా?

సమస్య: కథ విన్నంతసేపూ హీరో నవ్వారు. "బాగుంది, చూద్దాం" అన్నారు. ఆ తర్వాత మేనేజర్ ఫోన్ ఎత్తడం లేదు.

కారణం: ఆయన్ని నవ్వించింది మీరు చెప్పిన తీరు, పాత్ర కాదు. ఇలాంటి కథలో హీరో హీరోయిన్లు చివరికి కలుస్తారని అందరికీ ముందే తెలుసు. ఫైట్లూ ఉండవు. మరి "నేను చేయడానికేముంది?" అన్న సందేహం నటుడికి రావడం న్యాయమే.

పరిష్కారం: కథంతా మళ్లీ చెప్పకండి. ఇద్దరూ గొడవపడే సీను ఒకటి పూర్తి డైలాగులతో రాసి, ఆయన చేతే చదివించండి. చదువుతూ ఏదైనా మార్పు చెబితే అడ్డుపడకుండా రాసుకోండి. 1989 నాటి హాలీవుడ్ సినిమా ‘వెన్ హ్యారీ మెట్ శాలీ’లో అందరికీ గుర్తుండే ఆ నవ్వుల సీను రెస్టారెంట్‌లో పెడదామన్నది హీరోయిన్ మెగ్ రయన్, దాని చివరి డైలాగు అందించింది హీరో బిల్లీ క్రిస్టల్. తన ఆలోచన చోటు చేసుకున్న కథను నటుడు అంత తేలిగ్గా వదులుకోడు.

హీరోయిన్ దగ్గర ఈ శ్రద్ధ రెట్టింపు కావాలి. హీరోకి రెండు గంటలు చెప్పిన కథను ఆమెకు పావుగంటలో ముగిస్తే, "డేట్స్ లేవు" అన్న జవాబే వస్తుంది. ఆమె ఏం పని చేస్తుంది, దేనికి భయపడుతుంది, హీరో లేని సీన్లలో ఏం చేస్తుంది? ఇవి చెప్పలేకపోతే స్క్రిప్టు ఇంకా పూర్తికాలేదు. ముందు అది రాయండి.

సమస్య: "ఇకపై ప్రేమకథలు చేయను" అంటున్నారు.

కారణం: ఒకే మూసలో ఇరుక్కుపోతామన్న భయం. దీనికి డబ్బు మందు కాదు. హాలీవుడ్ నటుడు మాథ్యూ మెకానహే ఇలాంటి సినిమా ఒకదానికి కోటీ 45 లక్షల డాలర్లు ఇస్తామన్నా వద్దన్నారు. 2014లో ఆయనకు ఆస్కార్ తెచ్చింది వేరే తరహా పాత్ర.

పరిష్కారం: పారితోషికం పెంచకండి, పాత్రను మార్చండి. విడాకులు తీసుకున్నవాడో, పిల్లలున్నవాడో అయితే నటుడికి కొత్త పని దొరుకుతుంది.

సమస్య: ఒకరు సరే అన్నారు, ఎదుటి పాత్ర ఎవరో తేలక ఆగారు.

కారణం, పరిష్కారం: ఈ కథలకు జోడీయే ప్రాణం. 2022లో వచ్చిన ‘టికెట్ టు ప్యారడైజ్’కి ముందు, పక్కన జార్జ్ క్లూనీ అయితేనే ఇది కుదురుతుందని జూలియా రాబర్ట్స్‌కు అనిపించింది. అందుకే ఇద్దరినీ విడివిడిగా ఒప్పించే ప్రయత్నం మాని, ఒకే గదిలో కూర్చోబెట్టి కథ చెప్పండి.